పాలీ బంధాలు, ఇల్లు, పిల్లలు, చట్టం: తిరుపతి, చిత్తూరు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు మూడు రకాల మనుషుల నుంచి వస్తాయి. పాలీ బంధంలో, అంటే అందరికీ తెలిసి, అందరూ ఒప్పుకుని ఒకరికంటే ఎక్కువమందితో ప్రేమబంధంలో, ఇప్పటికే ఉన్నవాళ్లు, ఉండాలా వద్దా తేల్చుకోలేనివాళ్లు, కొడుకో కూతురో వచ్చి చెప్పిన రాత్రి నుంచి నిద్రపట్టని తల్లిదండ్రులు. అపోహలను పక్కకు తీసి అసలు ప్రమాదాలను చూపించడం ఈ పేజీ పని. చట్టం గురించి రాసినదంతా ఇండియాకు వర్తించేదే. సొంత కేసు ఏదైనా ఉంటే వకీలును కలవకుండా అడుగు వేయొద్దు.

పాలీ అంటే చిన్నిల్లే కదా? కొత్త పేరు పెట్టుకున్నారు, అంతేనా?

కాదు. చిన్నిల్లు దాపరికం మీద నిలబడుతుంది. ఊరంతా తెలిసినా పెద్దింట్లో ఆ మాట ఎత్తరు. చిన్నింటి మనిషికి పండక్కి పిలుపుండదు, ఆస్తిలో పేరుండదు. మగవాడు ఇద్దరితో ఉండొచ్చు గానీ ఆ ఇద్దరు ఆడవాళ్లలో ఎవరికీ ఆ వీలు లేదు. పాలీ బంధం అనాలంటే అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ మిగతావాళ్ల సంగతి ముందే తెలియాలి. తెలిసి ఒప్పుకోవాలి. ఆ స్వేచ్ఛ ఆడా మగా తేడా లేకుండా అందరికీ ఉండాలి, వాడుకోవడం వాడుకోకపోవడం వాళ్లిష్టం. ఇందులో ఏది తప్పినా అది మోసమే, ఏ పేరు పెట్టినా మారదు.

తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఆ మనిషి నంబరు ఫోనులో సొంత పేరుతో ఉందా, లేక 'ప్లంబర్', 'ఆఫీసు 2' అని ఉందా? మారుపేరు ఉంటే మిగతా ప్రశ్నలు అడగక్కర్లేదు.

మాట విషయానికొస్తే, గ్రీకులో 'పాలీ' అంటే అనేకం, లాటిన్‌లో 'అమోర్' అంటే ప్రేమ. ఈ రెండూ కలిపిన మాట 1990లో అమెరికాలో వచ్చిన ఒక పత్రికా వ్యాసంతో వాడుకలోకి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో 2006లో చేరింది. తెలుగులో 'బహుప్రేమ' అని రాయొచ్చు గానీ మాట్లాడేటప్పుడు అందరూ పాలీ అనే అంటున్నారు, ఇక్కడా అదే వాడుతున్నాం.

ఇద్దరు పెళ్లాలు ఉండటం మన తాతల కాలంలో మామూలే కదా?

అది బహుభార్యత్వం. అది పెళ్లి పద్ధతి, మగవాడికే ఉన్న హక్కు, భార్య ఒప్పుకోలుతో దానికి పనిలేదు. పైగా చిత్తూరు జిల్లాలో ఆ 'మామూలు' చాలామంది అనుకునేదానికంటే ముందే ఆగింది. అప్పట్లో ఈ జిల్లా మద్రాసులో భాగం. మద్రాసు శాసనసభ 1949లోనే హిందువుల ద్విభార్యత్వాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. దేశమంతటికీ వర్తించే హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. ముస్లిం వ్యక్తిగత చట్టం ప్రకారం మగవాడికి నలుగురు భార్యల వరకు అనుమతి ఉంది, స్త్రీకి లేదు. మొదటి పెళ్లి ఉండగానే రెండో పెళ్లి కోసం మతం మారిన హిందూ భర్తకు అది రక్షణ కాదని సుప్రీంకోర్టు 1995లో సరళా ముద్గల్ కేసులో తేల్చేసింది.

మరి ద్రౌపది? మన ధర్మరాజుల గుళ్లలో ఏటా భారతం జరుపుతాం కదా?

ఈ వాదన ఇంట్లో పెద్దవాళ్ల ముందు పెట్టొద్దని మా సలహా. వాళ్లకు అది పూజ. పూజను వాదనకు వాడితే మనసు నొచ్చుకుంటుంది, తలుపు మూసుకుంటుంది. పైగా ఐదుగురిని పెళ్లాడటం ద్రౌపది కోరుకున్నది కాదు, కుంతి నోటి నుంచి జారిన మాట వల్ల వచ్చింది.

అయితే ఆ కథలో పనికొచ్చేది ఒకటుంది. నారదుడు వచ్చి, ఒకే స్త్రీ కోసం కొట్టుకుని చచ్చిన సుందోపసుందులనే అన్నదమ్ముల కథ చెప్పి, గొడవ రాకముందే ఒక కట్టుబాటు చేసుకోమన్నాడు. ద్రౌపది ఒకరితో ఏకాంతంలో ఉన్నప్పుడు మరొకరు అక్కడికి వెళ్లకూడదు, వెళితే పన్నెండేళ్లు బయటికి పోవాలి. బ్రాహ్మణుడి ఆవులను కాపాడటానికి ఆయుధాల కోసం అర్జునుడు ఆ గదిలోకి వెళ్లాల్సి వచ్చింది. ధర్మరాజు పోవద్దన్నా మాట మాటేనని బయలుదేరాడు. నియమం ముందే ఉండటం, తప్పితే ఏం జరుగుతుందో కూడా ముందే తెలియడం, మంచి కారణంతో తప్పినా దాన్ని లెక్కలోకి తీసుకోవడం. నేటి ఇళ్లలో ఒప్పందాలు విఫలమయ్యేది సరిగ్గా ఇక్కడే.

పోలీసులు పట్టుకుంటారా? ఇది నేరమా?

పెద్దవాళ్లు ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదు. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు జోసెఫ్ షైన్ కేసులో పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 497వ సెక్షన్‌ను కొట్టేసింది. పెళ్లయిన స్త్రీతో ఆమె భర్త అనుమతి లేకుండా సంబంధం పెట్టుకున్న మగవాడికి అంతకుముందు ఐదేళ్ల వరకు జైలు ఉండేది. అదే నెలలో స్వలింగ సంబంధాలు కూడా నేరం జాబితాలోంచి పోయాయి.

నేరం అయ్యేది రెండో పెళ్లి. ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద, ముస్లిం మగవాడికి పైన చెప్పిన అనుమతి తప్ప, భార్యో భర్తో బతికి ఉండగా ఇంకో పెళ్లి చేసుకుంటే ఏడేళ్ల వరకు జైలు. మొదటి పెళ్లి దాచి చేసుకుంటే పదేళ్ల వరకు. 'మా ఆవిడ స్టాంపు పేపరు మీద సంతకం పెట్టింది' అనేది పనికిరాదు. మొదటి భార్య ఒప్పుకున్నా రెండో పెళ్లి చెల్లదు. ఇది మేం చూసే అపోహలన్నిటిలోకీ ప్రమాదకరమైనది.

ఇదే సంహితలో ఇంకో రెండు సెక్షన్లు గుర్తుపెట్టుకోవాలి. పెళ్లి చేసుకునే ఉద్దేశం లేకుండానే చేసుకుంటానని నమ్మించి స్త్రీతో సంబంధం పెట్టుకుంటే 69వ సెక్షన్ కింద పదేళ్ల వరకు శిక్ష పడొచ్చు. అందుకే పెళ్లయిన మగవాడు మొదటి పరిచయంలోనే ఆ సంగతి చెప్పాలి, 'ముందుముందు చూద్దాంలే' లాంటి మాట అసలు అనకూడదు. అక్రమ సంబంధం ఉద్దేశంతో పెళ్లయిన స్త్రీని మాయమాటలతో తీసుకెళ్లడం, దాచిపెట్టడం 84వ సెక్షన్ కింద ఇప్పటికీ నేరమే, రెండేళ్ల వరకు. ఆమె భర్తకు తెలియకుండా నడిపే ఏ బంధమైనా ఈ కేసుకు దారి తీయొచ్చు.

సైన్యంలో ఉన్నవాళ్లకు పరిస్థితి వేరు. 497 పోయినా సాయుధ దళాలు తమ చట్టాల కింద చర్య తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది.

విడాకుల కేసులో ఇది ఎలా పనిచేస్తుంది?

వ్యభిచారం నేరం కాకపోయినా విడాకులకు కారణంగా అలాగే ఉంది, హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్. భార్యో భర్తో దానికి తోడ్పడి ఉంటే, లేదా క్షమించి ఉంటే, ఆ కారణం మీద విడాకులు ఇవ్వకూడదని 23వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ఇద్దరూ ముందు ఒప్పుకున్నారా లేదా అన్నదే కోర్టులో పెద్ద తగాదా అవుతుంది. ఒప్పుకోలు మాటల్లోనే ఉంటే ఎవరి కథ వాళ్లు చెబుతారు. రాసుకున్న కాగితానికి చట్టపరంగా ఒప్పందం విలువ ఉంటుందని ఆశపెట్టుకోవద్దు గానీ, ఎవరికి ఎప్పటినుంచి ఏం తెలుసో చూపడానికి అది ఉపయోగపడుతుంది.

గుడిలో దండలు మార్చుకుంటే, పసుపుతాడు కడితే?

కట్టొద్దు. రిజిస్టరు చేయకపోతే పెళ్లి కాదనుకోవడం తప్పు. హిందూ పెళ్లికి ఆచారంలో ఉన్న తంతు ముఖ్యం, రిజిస్ట్రేషన్ దానికి సాక్ష్యం మాత్రమే. ముగ్గురూ కలిసి ఉంటామని ఒక వేడుక చేసుకోవాలనుకుంటే ఇంట్లో భోజనం పెట్టుకోండి, ఉంగరాలు మార్చుకోండి. తాళి, సప్తపది, తలంబ్రాల జోలికి వెళ్లొద్దు. ప్రభుత్వ ఉద్యోగులు మరీ జాగ్రత్తగా ఉండాలి, వాళ్ల ప్రవర్తన నియమాల్లో రెండో పెళ్లి మీద విడిగా నిషేధం ఉంది, ఉద్యోగమే పోవచ్చు.

నా భార్య సరేనంది. అది చాలదా?

ఏ పరిస్థితిలో అన్నదో చూడాలి. ఈ పేజీలో అన్నిటికంటే నెమ్మదిగా చదవాల్సిన జవాబు ఇదే.

'వద్దు' అంటే ఏమవుతుంది? దీనికి జవాబు 'విడాకులు', 'పుట్టింటికి పంపేస్తా', 'పిల్లలు నా దగ్గరే ఉంటారు' అయితే ఆ 'సరే'కు విలువ లేదు. మన వైపు చాలామంది ఆడవాళ్లకు సొంత బ్యాంకు ఖాతాలో డబ్బుండదు, పుట్టింటివాళ్లు 'సర్దుకుపో' అంటారు, ఇల్లు అత్తామామల పేరు మీద ఉంటుంది. అలాంటి మనిషి తల ఊపడాన్ని ఒప్పుకోలుగా లెక్కేయడం అన్యాయం. మాట ఎత్తే ముందే ఆమె పేరున కనీసం ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు ఉండాలి, ఆమె చేతిలోనే ఉండాలి. ఆమె మనసు విప్పి మాట్లాడగల మనిషి ఒకరు బయట ఉండాలి, అక్కో స్నేహితురాలో కౌన్సెలరో. భర్త ఒప్పుకోలుకూ ఇదే కొలత.

మాట ఎత్తడానికి కొట్లాట మధ్యలో, అలిగిన రాత్రి, ప్రసవమైన ఏడాది లోపు సరైన వేళ కాదు. చెప్పాక కనీసం రెండు మూడు నెలలు ఎవరినీ వెతకొద్దు. ఇప్పటికే ఎవరి మీదో మనసుపడి, ఆ మనిషి కోసం అనుమతి అడుగుతుంటే, ఆ సంగతి అప్పుడే చెప్పాలి. దాచి తర్వాత బయటపడితే మొత్తం సంభాషణే అబద్ధమైపోతుంది.

ఆ తర్వాత రెండు పేజీలకు మించకుండా రాసుకోండి. ఎవరి పడకగది ఎవరిది, ఏ రాత్రులు ఇంట్లో ఉండాలి, ఉమ్మడి డబ్బులో ఎంతవరకు బయట ఖర్చుపెట్టొచ్చు, ఎవరికి చెప్పొచ్చు ఎవరికి చెప్పకూడదు, ఆరోగ్య పరీక్షలు ఎప్పుడు, నియమం తప్పితే ఎన్నాళ్లలో చెప్పాలి. నెలకోసారి ఒక గంట కూర్చుని చదువుకోండి. ఒప్పుకోలు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చన్నది మొదటి వాక్యంగా ఉండాలి.

పెళ్లి దెబ్బతింది. ఇలా చేస్తే బాగుపడుతుందా?

బాగుపడదు. ఇద్దరి మధ్య మాటలు ఆగిన ఇంట్లోకి మూడో మనిషి వస్తే మాట్లాడాల్సినవి మూడింతలవుతాయి. లెక్క చూడండి. ఇద్దరున్నప్పుడు బంధం ఒకటి. ముగ్గురైతే జంటలు మూడు, నలుగురైతే ఆరు. ప్రతి జంటకూ విడిగా సమయం కావాలి. వారంలో సాయంత్రాలు ఏడే.

చిత్తూరులో ఇల్లు, బెంగళూరులో ఉద్యోగం ఉన్నవాళ్లకు ఇది ఇంకా ఇరుకు. వారానికి రెండు రోజులే ఇంటికొచ్చే మనిషి ఆ రెండు రోజులు పిల్లలకు, తల్లిదండ్రులకు, భార్యకు, ఇంకొకరికి పంచాలి. ఎవరికి తగ్గుతుందో ముందే ఊహించొచ్చు: అడగడం చేతకానివాళ్లకు. ఉమ్మడి క్యాలెండరు ఫోనులో పెట్టుకుని, ముందు పిల్లల పనులు, తర్వాత ఇంటి పనులు, ఆ తర్వాతే బయటి సాయంత్రాలు నింపాలి.

ఇంకో తప్పు ఎక్కువగా జరుగుతుంది. భార్యాభర్తలు కలిసి ఒక అమ్మాయిని వెతుకుతారు, ఆమె ఇద్దరినీ ఒకేసారి, సమానంగా ప్రేమించాలని షరతు పెడతారు. ప్రేమ అలా తూకంలో రాదు. ఆమెకు ఒకరి మీద ఎక్కువ ఇష్టం కలగగానే రెండోవాళ్లకు భయం మొదలై, ఆమెను పంపేస్తారు. నియమాలన్నీ ఆమె రాకముందే రాసేసి ఉంటాయి కాబట్టి ఆమెకు మాట్లాడే చోటే ఉండదు. కొత్తగా వచ్చే మనిషికి ఆ కాగితం తిరిగి రాయించే హక్కు ఉండాలి.

అసూయ పుట్టదా?

పుడుతుంది. అసూయ లేనివాళ్లే ఇందులోకి వస్తారన్నది అపోహ. తెలుగులో దీనికి 'ఓర్వలేనితనం' అన్న మాట ఉంది. ఓర్వడం నేర్చుకోవచ్చని ఆ మాటలోనే ఉంది.

అసూయ అని ఒకే పేరుతో పిలిచేదాన్ని విడగొట్టి చూస్తే మందు దొరుకుతుంది. నన్ను వదిలేస్తారేమోనన్న భయమైతే భరోసా కావాలి, చెప్పిన వేళకు ఇంటికి రావడం దానికి మాటలకంటే బాగా పనిచేస్తుంది. ఆమె నాకంటే అందగత్తె అన్న పోలిక అయితే ఒకసారి ముగ్గురూ కలిసి టీ తాగడం మేలు, ఊహలో పెరిగిన మనిషి ఎదుట మామూలు మనిషే. ఆమెకు బయట భోజనం, నాకు ఇంట్లో చాకిరీ అన్న బాధ అయితే అది అసూయ కాదు, న్యాయమైన ఫిర్యాదు, పని పంచుకోవాలి. ఆ సాయంత్రం ఒంటరితనం అయితే ఆ సాయంత్రానికి సొంత పని పెట్టుకోవాలి.

ఎక్కువమందితో అంటే జబ్బులు ఖాయం కదా?

జబ్బు దాపరికంతో పెరుగుతుంది. రహస్యంగా మోసం చేసేవాళ్లు, అందరికీ తెలిసేలా ఒప్పందంతో ఉండేవాళ్ల కంటే తక్కువగా కండోమ్ వాడుతున్నారని 2012లో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గమనించారు. అది అమెరికా సంగతి. కారణం మాత్రం ఇక్కడా ఒకటే, చెప్పుకోగలిగినవాళ్లు పరీక్ష కూడా చేయించుకోగలరు.

కొత్త మనిషితో మొదలయ్యే ముందు ఇద్దరూ హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించుకోవాలి. గనేరియా, క్లమీడియాకు మూత్ర పరీక్ష ప్రైవేటు ల్యాబుల్లో దొరుకుతుంది. ప్రయోగశాలలో చేసే నాలుగో తరం హెచ్ఐవీ పరీక్ష కూడా సంబంధం జరిగిన 45 రోజుల తర్వాతే నమ్మదగ్గ ఫలితం ఇస్తుంది, సిఫిలిస్‌కు 90 రోజుల దాకా ఆగి మళ్లీ చూడాలి. అందుకే నిన్నటి సంబంధానికి ఇవాళ నెగెటివ్ వచ్చిందంటే అర్థం లేదు. ఒకరికంటే ఎక్కువమందితో ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి చేయించుకోవడం మంచిది. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది.

కొబ్బరినూనె, వాసలిన్ రాస్తే లేటెక్స్ కండోమ్ చిరుగుతుంది. నీటితో చేసిన జెల్ వాడాలి. తిరుపతి రుయా ఆసుపత్రిలో, చిత్తూరు ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్ఐవీ పరీక్ష ఉచితం, ఫలితం గోప్యంగా ఉంచాలని 2017 హెచ్ఐవీ చట్టం చెబుతోంది. సందేహాలకు జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోను చేయొచ్చు.

పిల్లలు పాడైపోరా?

అమెరికాలో ఎలిజబెత్ షెఫ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1990ల నుంచి ఇలాంటి కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించారు. పిల్లలు చాలావరకు బాగానే పెరిగారు. అయితే ఆ కుటుంబాల్లో ఎక్కువమంది చదువుకున్న, డబ్బున్న తెల్లజాతివాళ్లు, తమంతట తాము ముందుకొచ్చినవాళ్లు. ఆ ఫలితాన్ని తెచ్చి తిరుపతి కొర్లగుంటలో అద్దం పెట్టినట్టు చూపించలేం. పిల్లలు అక్కడ చెప్పిన బాధ మాత్రం ఇక్కడికీ సరిపోతుంది. ఇష్టపడిన పెద్దమనిషి ఒకరోజు మాయమైపోవడం, బడిలో మాటలు పడటం.

కాబట్టి కొత్త మనిషిని పిల్లలకు పరిచయం చేయడానికి ఆరు నెలలైనా ఆగండి, ఒకే ఇంట్లో ఉండటానికి ఏడాది. మొదట ఇంటికొచ్చే స్నేహితుల్లో ఒకరిగానే. పిల్లల ముందు ముద్దుముచ్చట్లు ఏ జంటకైనా ఎంత హద్దులో ఉండాలో ఇక్కడా అంతే. 'తాతకు చెప్పొద్దు' అని పిల్లలతో రహస్యం మోయించొద్దు. రహస్యం ఉంచడం అలవాటైన పిల్లవాడు ఎవరైనా చెడుగా తాకినప్పుడు కూడా చెప్పడు. తాతకు తెలియకూడని సంగతి పిల్లవాడికీ తెలియకుండా చూసుకోవడం పెద్దవాళ్ల బాధ్యత. ఐదేళ్ల పిల్లకు 'ఈయన మనింట్లో మనిషి, నిన్ను బాగా చూసుకుంటాడు' చాలు. పన్నెండేళ్ల పిల్లవాడు సూటిగా అడుగుతాడు, సూటిగానే చెప్పాలి.

ఏమని పిలవాలి అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ మన వైపు కాదు. అత్త, మామ అని పిలిస్తే వాళ్ల పిల్లలు వరసకు బావా మరదళ్లవుతారు. ఒకే ఇంట్లో పెరిగే పిల్లల మధ్య ఆ వరస పెట్టొద్దు. చిన్నమ్మ, చిన్నాయన అని పిలిపిస్తే పిల్లలంతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అమ్మ, నాయన అని పిలవమని బలవంతం వద్దు.

బడిలో దరఖాస్తు మీద తల్లి, తండ్రి రెండు పేర్లకే చోటు. పిల్లను తీసుకెళ్లే అధికారం మూడో మనిషికి ఇస్తూ తల్లిదండ్రులిద్దరూ సంతకం పెట్టిన ఉత్తరం, ఆ మనిషి ఫొటో, ఆధార్ నకలు జూన్‌లోనే ఇచ్చేయండి. వాన కురిసే సాయంత్రం గేటు దగ్గర వాదించే పని ఉండదు.

పిల్లకు తండ్రెవరని చట్టం అంటుంది?

పెళ్లి నిలిచి ఉండగా, లేదా అది ముగిశాక తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉండగా 280 రోజుల లోపు పుట్టిన బిడ్డ భర్త బిడ్డేనని సాక్ష్య చట్టం భావిస్తుంది. ఆ కాలంలో ఇద్దరికీ కలిసే అవకాశమే లేదని నిరూపిస్తే తప్ప అది మారదు. డీఎన్ఏ కాగితం ఒక్కటే చూపిస్తే సరిపోదు. కన్న తండ్రి వేరే అయితే అతనికి హక్కులూ కష్టమే. అందుకే గర్భం విషయంలో నియమం అన్నిటికంటే గట్టిగా ఉండాలి.

పెళ్లి కాని బంధంలో పుట్టిన బిడ్డకు కన్న తండ్రి పోషణ ఖర్చు ఇవ్వాల్సిందే, చట్టం ఇందులో తేడా చూపదు. దత్తత ముగ్గురూ కలిసి తీసుకోలేరు. జంటకైతే కనీసం రెండేళ్ల స్థిరమైన పెళ్లి ఉండాలి. ఒంటరి స్త్రీ ఏ బిడ్డనైనా తీసుకోవచ్చు, ఒంటరి పురుషుడు ఆడపిల్లను తీసుకోలేడు.

ముగ్గురికీ బాడుగ ఇల్లు ఎవరిస్తారు?

'ఫ్యామిలీకే' అని బోర్డు పెట్టిన ఇంటి ఓనరుకు ప్రతి సంగతీ చెప్పాల్సిన పని లేదు. కానీ అన్నాచెల్లెళ్లం అని అబద్ధం చెప్పొద్దు. అది బయటపడ్డ రోజే ఖాళీ చేయమంటారు, అడ్వాన్సు దగ్గర కూడా గొడవే. 11 నెలల అగ్రిమెంటులో ఉండే పెద్దవాళ్లందరి పేర్లూ రాయించండి. పేరు లేని మనిషిని రేపు విడిపోయినప్పుడు ఒక్క పూటలో వీధిలోకి నెట్టేయొచ్చు.

డబ్బు, ఆస్తి ఎలా?

భార్యకు లేదా భర్తకు చట్టం తనంతట తాను ఇచ్చేవేవీ మూడో మనిషికి రావు. వీలునామా లేకుండా చనిపోతే ఆ మనిషికి పైసా రాదు, ఇరవై ఏళ్లు కలిసి వంట చేసుకున్నా సరే. భరణం కూడా అంతే. మగవాడికి పెళ్లయిందని తెలిసీ అతనితో ఉన్న స్త్రీ బంధం 'పెళ్లి లాంటి బంధం' కిందకు రాదని, గృహహింస చట్టం రక్షణ ఆమెకు వర్తించదని 2013లో ఇంద్రా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రేమలో ఉన్నప్పుడు ఈ సంగతి ఎవరూ ఎత్తరు. ఆమెను నిజంగా ప్రేమించేవాళ్లే ముందు ఎత్తాలి.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు. రాసిన మనిషి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టొద్దు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ మన వైపు పొలం తగాదాలు తెలిసినవాళ్లెవరూ చేయించకుండా ఉండరు. హిందువులైతే సొంతంగా సంపాదించినదే ఇష్టం వచ్చినట్టు రాయొచ్చు, ఉమ్మడి ఆస్తిలో తన వాటా వరకే.

నామినీ అంటే వారసుడు కాదు. బ్యాంకు డబ్బు నామినీ చేతికిస్తుంది, హక్కు మాత్రం వారసులదే. 2025 నవంబరు నుంచి ఖాతాకు నలుగురు నామినీల దాకా పెట్టొచ్చు, అయినా వీలునామా రాయాల్సిందే. స్థలం ముగ్గురూ కలిసి కొంటే ఎవరి వాటా ఎంతో దస్తావేజులోనే శాతాల్లో రాయించండి, డబ్బు ఎవరి ఖాతా నుంచి వెళ్లిందో చూపే కాగితాలు దాచండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పెళ్లి కాని భాగస్వామి పన్ను చట్టం దృష్టిలో బంధువు కాదు, కాబట్టి ఏడాదిలో 50,000 రూపాయలు దాటిన కానుకలకు తీసుకున్నవాళ్లు పన్ను కట్టాలి. వీలునామా ద్వారా వచ్చిన దానికి ఆ పన్ను లేదు.

ఆసుపత్రిలో సంతకం ఎవరు పెడతారు?

స్పృహ ఉంటే రోగే. లేకపోతే డాక్టర్లు రక్తసంబంధీకులను, భార్యాభర్తలను అడుగుతారు. ముందస్తు వైద్య నిర్దేశం రాసుకుంటే, కోలుకునే ఆశ లేని స్థితిలో మీ తరఫున ఎవరు నిర్ణయించాలో అందులో పేర్లు పెట్టొచ్చు. సుప్రీంకోర్టు 2023లో దీన్ని సులువు చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. మానసిక వైద్యానికి ఇంకా తేలిక. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు దాటిన ఎవరినైనా తెల్లకాగితం మీద ప్రతినిధిగా రాసుకోవచ్చు. నకళ్లు ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి.

మావాడు వచ్చి చెప్పినాడు. వాడికేమైనా జబ్బా? మేమేం చేయాల?

జబ్బు కాదు. డాక్టర్లు వాడే మానసిక రోగాల జాబితాల్లో ఇలాంటిది లేదు. తాయెత్తులకూ ప్రమాణాలకూ తిప్పొద్దు, పెద్దమనుషుల్ని పిలిచి పంచాయితీ పెట్టొద్దు. మీకు చెప్పాడంటే మిమ్మల్ని నమ్మాడు.

మూడు సంగతులు నిదానంగా అడగండి. 'నీ పెండ్లానికి తెలుసునా నాయనా? ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకునిందా? పిల్లోళ్లకు ఏం చెప్తాండారు?' కోడలితో విడిగా, కొడుకు లేనప్పుడు మాట్లాడండి. ఆమె కళ్లు తుడుచుకుంటూ 'ఏం లేదత్తా' అంటే ఏదో ఉన్నట్టే. అప్పుడు మీరు ఆమె పక్కన నిలబడాలి. బలవంతం ఉంటే మహిళలకు 181, ఉచిత న్యాయసహాయానికి 15100. మీకే మనసు బాగాలేకపోతే ప్రభుత్వ మానసిక సహాయ ఫోను టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. మీకు నచ్చకపోవచ్చు. నచ్చలేదని చెప్పండి, తలుపు మాత్రం తీసే ఉంచండి.

పెళ్లిళ్లు, వ్రతాలు, కర్మలప్పుడు?

పీటల మీద దంపతులే కూర్చుంటారు. దాన్ని మార్చడానికి గంగజాతర నాడో పెద్దకర్మ నాడో కొట్లాడొద్దు. అయితే వారం ముందే మూడో మనిషికి చెప్పాలి, ఎక్కడ కూర్చుంటారో, ఎవరు పలకరిస్తారో, ఫొటోలో ఉంటారో లేదో. అక్కడికి వెళ్లాక తెలిస్తే ఆ అవమానం ఏళ్లు గుర్తుంటుంది. అన్నిటికంటే కష్టం చావు. కట్టుకున్న మనిషికి ఓదార్పు దొరుకుతుంది, మూడో మనిషి వెనక వరసలో నిలబడి ఏడవడానికి కూడా భయపడుతుంది. ఇంట్లోవాళ్లకు తెలిసి ఉంటే ఒకరు వెళ్లి ఆమె పక్కన కూర్చోండి.

విడిపోతే?

ముందుగా డబ్బు లెక్క: అడ్వాన్సులో ఎవరి వాటా ఎంత, ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను ఎవరివి, ఉమ్మడి ఖాతా ఎప్పుడు మూయాలి. తాళంచెవులు, పాస్‌వర్డులు మార్చండి. అంతరంగిక ఫొటోలు ఇద్దరూ తుడిచేయాలి. అనుమతి లేకుండా వాటిని పంపితే ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల వరకు జైలు. వీలునామా, నామినీ, వైద్య నిర్దేశం తిరగరాయండి, పాతవి అలాగే ఉంటే అవే చెల్లుతాయి. బడిలో ఇచ్చిన ఉత్తరం కూడా వెనక్కి తీసుకోవాలి.

పిల్లలకు మాత్రం ఒక్కసారిగా తెంచొద్దు. 'చిన్నాయన ఇక వేరే ఇంట్లో ఉంటాడు, నీ తప్పేమీ లేదు, ఆదివారం సాయంత్రం ఫోను చేస్తాడు' అని పెద్దవాళ్లందరూ కలిసి ఒకే మాట చెప్పాలి. ఆదివారం ఆ ఫోను రావాలి. కనీసం ఆరు నెలల పాటు, ప్రతి ఆదివారం.